కలుపు మొక్కల నీడలో అడవికోడి

మలేషియాలో వాణిజ్య స్థాయి పామాయిల్ సాగు కౌలాలంపూర్‌కి వాయవ్యాన, కువాలా సెలంగోర్ జిల్లాలోని తెన్నమారం ఎస్టేటులో మొదలైంది. 1917లో ఆన్రీ ఫొకోన్నియే అనే ఫ్రెంచి దొర అక్కడ మొదటి తోట వేశాడు. ఆయన తరవాత మలయా మీద నవల రాసి 1930లో ఫ్రాన్సు వారి గొంకూర్ బహుమతి కూడా అందుకున్నాడు. నవలను ఇప్పుడు ఎందరు చదువుతున్నారో గాని, ఆయన నాటిన చెట్టు మాత్రం నూరేళ్లు తిరిగేసరికి దేశాన్ని కమ్మేసింది. ఇవాళ మలేషియాలో పామాయిల్ విస్తీర్ణం సుమారు 56 లక్షల హెక్టార్లు, అంటే కోటీ ముప్ఫై లక్షల ఎకరాలకు పైమాటే. కౌలాలంపూర్ విమానాశ్రయం ఉన్న సెపాంగ్ చుట్టుపక్కల విమానం దిగుతుంటే కిటికీలోంచి కనిపించేది ముప్పాతిక వంతు ఆ మట్టలే.

ఈ తోటల్లో మన తెలుగువాళ్ల చెమట కూడా కలిసింది. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి వెళ్లిన కుటుంబాలు దిగువ పెరాక్‌లోని బగాన్ డాతో చుట్టూ కొబ్బరి తోటల్లోనూ, ఇతర రాష్ట్రాల్లో రబ్బరు తోటల్లోనూ కుదిరాయి. 1960ల నుంచి రబ్బరు ధర పడిపోతూ ఉంటే ఎస్టేట్లు రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ వేశాయి. చెట్టు మారింది, కూలీలు ఉండే లైన్ ఇళ్లు చాలాకాలం అలాగే ఉన్నాయి. ఆ ఇళ్ల వెనక నాటుకోళ్లు తిరిగేవి. ఈ కథలో ఆ నాటుకోళ్లకు ఒక చిక్కు పాత్ర ఉంది, తరవాత వస్తుంది.

ఇంత పెద్ద ఏకపంట తోటలో పక్షులు బతకవని బయటివాళ్ల నమ్మకం. చాలావరకు నిజమే. కాని తెల్లవారుజామున ఎస్టేటు దారి మీద నిలబడితే ఒక కూత వినిపించే అవకాశం ఉంది. మన పుంజు కూతే, కాకపోతే చివర రాగం తీయకుండా ఎవరో గొంతు పట్టుకున్నట్టు టక్కున తెగిపోతుంది. అదే అడవికోడి. మలయా ప్రజలు ఆయం హుతాన్ అంటారు. ప్రపంచంలోని కోళ్లన్నిటికీ మూలపురుషుడు ఇదే. నిప్పురంగు మెడ ఈకలు, పచ్చనల్లని మెరిసే తోక, సన్నని నీలిబూడిద కాళ్లు. పుంజు బరువు కిలోకి అటూ ఇటూ. పెట్ట ఎండుటాకు రంగులో ఉండి, పక్కనే ఉన్నా కంటబడదు. వేటగాళ్లకు ఇది మహా ఇష్టమైన పక్షి. దీనితోపాటు ఈ తోటల చుట్టూ తెల్లరొమ్ము నీటికోడి, పూరేడు జాతి చిన్న పిట్టలు, చుక్కల పావురం కూడా తిరుగుతాయి. వీటన్నిటినీ కలిపి వేటపక్షులు అనుకుందాం.

వేటపక్షి తగ్గిపోతే అందరూ ముందు తుపాకీనే నిందిస్తారు. ఉచ్చులు, వలలు, రాత్రి దీపం వేసి కొట్టే దొంగవేట నిజంగానే నష్టం చేస్తాయి, కాదనను. కాని పొలంలో బతికే నేలపక్షుల మీద గత అరవై ఏళ్లలో జరిగిన పరిశోధనంతా చదివితే వేలు ఇంకోవైపు చూపిస్తుంది. ఎక్కువ పక్షుల్ని చంపింది కలుపు మందు కొట్టే స్ప్రేయరు. అదీ పక్షి మీద ఒక్క చుక్క పడకుండానే.

కోడిపిల్ల మొదటి పదిహేను రోజులు

దీన్ని మొదట విప్పి చూపించింది మలేషియాలో కాదు, ఇంగ్లండులో. అక్కడి గోధుమ పొలాల్లో బూడిదరంగు పార్ట్రిడ్జ్ అని మన కౌజుకు దూరపు చుట్టం ఒకటి ఉంది. ఒకప్పుడు దాన్ని లక్షల లెక్కన వేటాడేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అది వేగంగా తగ్గిపోవడం మొదలైంది. 1968లో డిక్ పాట్స్ అనే శాస్త్రజ్ఞుడు దక్షిణాన ససెక్స్ కొండ పొలాల్లో లెక్కలు మొదలుపెట్టాడు. ప్రతి ఏడూ పక్షుల్ని లెక్కపెట్టడమే కాదు, పొలంలోని పురుగుల్నీ కలుపునీ కూడా లెక్కపెట్టించాడు. ఆ లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

తేలింది ఇదీ. పెద్ద పక్షి గింజలు, ఆకులు తిని బతకగలదు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల అలా బతకలేదు. మొదటి రెండు వారాలు దానికి కావలసింది మాంసకృత్తులు, అంటే పురుగులు, చిన్న గొంగళ్లు, పేనుబంక, చీమగుడ్లు. ఒంటినిండా ఈకలు రావాలన్నా, ఒళ్లు వేడిగా ఉంచుకోవాలన్నా, నక్క వస్తే ఎగరాలన్నా అవే ఆధారం. ఆ పురుగులు ఉండేది పంట మొక్కల మీద కాదు, పంట కింద పెరిగే కలుపు మొక్కల మీద. 1950ల నుంచి కలుపు మందులు వచ్చాయి. కలుపు పోయింది, కలుపు మీది పురుగు పోయింది, పిల్లలు ఆకలితోనూ చలితోనూ రాలిపోయాయి. మందులు రాకముందు ఇంచుమించు సగం పిల్లలు ఆరువారాల వయసు దాటేవి. తరవాత మూడో వంతుకు దిగాయి. తల్లి పదిహేను దాకా గుడ్లు పెట్టే పక్షికి ఆ ఒక్క తేడాయే చాలు, జాతి కిందికి జారిపోతుంది. ఎవరూ ఏ పక్షినీ కాల్చకపోయినా జారుతుంది.

విరుగుడు కూడా అక్కడే దొరికింది. గోధుమ పొలం అంచు వెంబడి కొద్ది మీటర్ల పట్టీలో మందు కొట్టడం మానేసి, లేదా మరీ మొండి కలుపు మీదే ఎంచి కొట్టి చూస్తే పిల్లలు మళ్లీ బతికాయి. పొలం మధ్యన గట్లు వేసి వాటి మీద గడ్డి దుబ్బులు పెంచారు. చలికాలంలో పురుగులు అందులో దాక్కుని, వసంతంలో పంటలోకి వచ్చి పేనుబంకను తింటాయి. రైతుకూ లాభం, పక్షికీ లాభం. అమెరికా దక్షిణాదిన బాబ్‌వైట్ పూరేడు మీద హెర్బర్ట్ స్టొడార్డ్ 1931లోనే పెద్ద పుస్తకం రాశాడు. అక్కడ పైన్ అడవుల్లో గడ్డిని అదుపుగా తగలబెట్టి నేలను తెరుచుకుని ఉండేలా చూడటమే ఆ పిట్టకు ప్రాణమని చెప్పాడు. దేశం వేరు, పిట్ట వేరు. నేల మీద పిల్ల నడవడానికి సందు, తలమీద కప్పు, నోటికి పురుగు కావాలన్న మాట మాత్రం రెండు చోట్లా ఒకటే.

తోటకు వచ్చిన కోడి

అడవికోడి పొలానికి కొత్తేమీ కాదు. అసలు కోడి మనిషి దగ్గరికి వచ్చిందే పొలం మూలంగా. 2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం కచ్చితంగా పెంపుడు కోడివని చెప్పగల అతి పాత ఎముకలు మధ్య థాయిలాండులోని బాన్ నోన్ వాట్ అనే చోట దొరికాయి. వాటి కాలం క్రీస్తుకు పూర్వం 1650 నుంచి 1250 మధ్య. అప్పుడే అక్కడ వరి, చిరుధాన్యాల మెట్టసాగు వ్యాపించింది. అడవి అంచున గింజలు రాలిన పొలం కనిపిస్తే కోడి దిగింది, అలవాటు పడింది, చివరికి మన గంప కిందికి చేరింది. అంతకు రెండేళ్ల ముందు, 863 కోళ్ల జన్యుపటాలు చదివిన ఇంకో బృందం పెంపుడు కోడికి మూలం గ్యాలస్ గ్యాలస్ స్పడీసియస్ అనే ఉపజాతి అని తేల్చింది. మలయా ద్వీపకల్పంలోని అడవికోడి ఆ ఉపజాతిదే.

అంటే ఈ పక్షి దట్టమైన అడవి నడిమధ్యన ఉండే ఘనాపాఠీ కాదు. అడవి అంచు పక్షి. వెదురు పొదలు, పాత పోడు భూములు, తోట పక్కన తుప్పలు దాని ఊళ్లు. పామాయిల్ తోట కూడా అలాంటి అంచే కాబట్టి అందులో ఇమిడిపోయింది. కౌలాలంపూర్ దక్షిణ శివారు సెర్డాంగ్‌లో ఉన్న పుత్రా మలేషియా విశ్వవిద్యాలయానికి చెందిన మహమ్మద్ జకారియా, అర్షద్ తదితరులు 2000 ప్రాంతంలో తోటల్లో ఈ కోడి ఏం తింటుందో చూశారు. గెలల నుంచి రాలిన పామాయిల్ పండ్లు తింటుంది, గడ్డి, కలుపు గింజలు తింటుంది, చీమలు, చెదలు తింటుంది. పండు నూనె, కలుపు గింజ, చెదపురుగు మూడూ ఒకే బ్లాకులో దొరికితే దానికి అంతకన్నా ఏం కావాలి!

మూడూ ఎప్పుడూ దొరకవు. ఇక్కడ తోట వయసు గురించి కాస్త చెప్పుకోవాలి. పామాయిల్ మొక్కలను తొమ్మిది మీటర్ల దూరంలో ముక్కోణపు వరసలో వేస్తారు. హెక్టారుకు 140 చెట్ల చుట్టుపక్కల. నాటిన రెండున్నర, మూడేళ్లకు కోతకొస్తాయి, పాతికేళ్లకు కొట్టేసి మళ్లీ నాటుతారు. మొదటి మూడు, నాలుగేళ్లు నేలంతా ఎండ. అప్పుడు ఎస్టేట్లు వరసల మధ్య ప్యూరేరియా, కలొపొగోనియం, మ్యూకునా లాంటి చిక్కుడు జాతి తీగల్ని పరుస్తాయి. నేల కోత ఆగుతుంది, నత్రజని చేరుతుంది. ఆ తీగ కింద పురుగు బోలెడు, పిల్లలకు దాపు బోలెడు. చెట్లు ఎదిగి మట్టలు ఒకదానికొకటి ఆనుకోగానే నేల మీద నీడ పడి తీగ చచ్చిపోతుంది. ఆ నీడలో ఫెర్న్‌లు, మెత్తటి గడ్డి, రకరకాల చిన్న మొక్కలు మొలుస్తాయి. వాటిని ఉంచాలా, తీసేయాలా అన్న మేనేజరు నిర్ణయం మీదే మిగతా ఇరవై ఏళ్ల పక్షుల సంగతి ఆధారపడుతుంది.

వ్యవసాయపరంగా తీయక తప్పనివి రెండే చోట్లు. ఒకటి చెట్టు చుట్టూ రెండు మీటర్ల మేర పాదు. రాలిన పండ్లు ఏరాలి, ఎరువు వేయాలి కాబట్టి అక్కడ శుభ్రంగా ఉండాలి. రెండోది గెలలు మోసే దారి. నరికిన మట్టల్ని మాత్రం వరస తప్పించి వరసలో కుప్పగా పేరుస్తారు. అక్కడ మనిషి నడవడు. ఆ కుప్పల వరసలోనూ, పాదుకూ పాదుకూ మధ్య ఖాళీలోనూ కలుపు ఉంటే దిగుబడికి వచ్చే నష్టం నామమాత్రం. అయినా చాలా తోటల్లో మొత్తం కొట్టేస్తారు. ఎందుకంటే నేల గచ్చులా కనిపిస్తే పెద్ద దొరకు తోట బాగా చూసుకుంటున్నట్టు కనిపిస్తుంది. అంతకుమించిన కారణం నాకు తోచలేదు. శుభ్రత మీద మోజు తోటల్లో పాతుకుపోయిన జబ్బు. బ్రిటిషు దొరలు పోయినా అది పోలేదు.

ఆ మోజుకు మనుషులూ బలయ్యారు. పారాక్వాట్ అనే ప్రాణాంతకమైన కలుపు మందును మలేషియాలో చాలాకాలం కొట్టించారు. వీపు మీద డబ్బా మోసుకుని కొట్టిన వాళ్లలో తోటల ఆడకూలీలు ఎక్కువ. 2002లో దాన్ని నిషేధించబోయారు, 2006లో వెనక్కి తగ్గారు, చివరికి 2020 జనవరి నుంచి నిషేధం అమలైంది. ఇప్పుడు గ్లైఫోసేట్, గ్లుఫొసినేట్ లాంటివి కొడుతున్నారు. మనిషికి ప్రమాదం తగ్గింది. కోడిపిల్లకు మాత్రం ఏ మందైతేనేం, పురుగుండే ఆకు పోయిందా లేదా అన్నదే లెక్క.

ఆవులు, గుడ్లగూబలు, చెట్ల దీవులు

అయితే ఏం చేయాలి? పుత్రా విశ్వవిద్యాలయంలోని బద్రుల్ అజ్‌హర్ బృందం పదిహేనేళ్లుగా ఇదే పని మీద ఉంది. పెద్ద ఎస్టేట్లతో పోలిస్తే చిన్న రైతుల తోటల్లో పక్షి రకాలు ఎక్కువని వాళ్లు 2011లో రాశారు. చిన్న రైతు తోట అంటే పామాయిల్ మధ్య రెండు అరటి చెట్లు, ఒక పనస, ఇంటి వెనక తుప్పలు, అంతా కలగాపులగం. ఎస్టేటు మేనేజరుకు అది చూస్తే తలనొప్పి, పక్షికి అదే పండగ.

అదే బృందం నుంచి 2017లో వచ్చిన ఇంకో పరిశోధన నాకు మరీ నచ్చింది. కలుపు మందుకు బదులు ఆవుల్ని తోలితే ఏమవుతుంది? తోటను కంచెలతో భాగాలు చేసి, మందను ఒక భాగంలో కొద్ది రోజులు మేపి, పక్క భాగానికి మారుస్తారు. ఆవు గడ్డి కొసలు కొరుకుతుంది గాని వేరుతో సహా చంపదు. దారీ తేలిక పడుతుంది, నేలా ఖాళీగా మిగలదు. పేడ పడుతుంది, పేడలో పురుగులు పుడతాయి. ఇలా పద్ధతిగా మేపిన తోటల్లో మందు కొట్టిన తోటల కన్నా పక్షి రకాలు ఎక్కువ కనిపించాయి. మందు ఖర్చు మిగిలింది, మాంసం అమ్ముడుపోయింది. మనవైపు కొబ్బరి తోటల్లో దూడను కట్టేసిన రైతుకు ఇదేం కొత్త విషయం కాదు. ఎస్టేటు లెక్కల పుస్తకంలో ఎక్కించడానికి మాత్రం శాస్త్రజ్ఞుడు కావలసి వచ్చింది.

తోట యజమాని డబ్బు లెక్క చూసి పక్షికి చోటిచ్చిన ఉదాహరణ మలేషియాలో అంతకుముందే ఒకటుంది. బార్న్ ఔల్ అనే తెల్లముఖం గుడ్లగూబ 1960ల చివరి దాకా ఆ ద్వీపకల్పంలో అరుదు. జొహోర్ రాష్ట్రంలోని పామాయిల్ తోటలో ఒక జత గూడు కట్టినట్టు అప్పుడే నమోదైంది. తోటల్లో ఎలుకలు గెలల్ని కొరికి నూనెలో నూటికి ఐదు వంతుల వరకూ తినేస్తాయని అంచనా. గుడ్లగూబకు ఎలుకలు కావలసినన్ని ఉన్నాయి, లేనిది గూటికి తొర్ర ఉన్న ముసలి చెట్టే. ఎస్టేట్లు చెక్కపెట్టెలు చేయించి ఐదు నుంచి పది హెక్టార్లకు ఒకటి చొప్పున స్తంభాల మీద నిలబెట్టాయి. ఒక జత, దాని పిల్లలు కలిసి ఏడాదికి వెయ్యికి పైగా ఎలుకల్ని తింటాయి. ఇవాళ ద్వీపకల్పమంతటా ఆ గుడ్లగూబ ఉంది. ఇక్కడా ఒక మెలిక వచ్చింది. బ్రోడిఫకూమ్ లాంటి రెండో తరం ఎలుకమందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చస్తుంది. పెట్టె పెట్టి, కిందే విషపు ఎర వేసిన తోటల్లో పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఇల్లు కట్టించి అన్నంలో విషం కలిపితే అతిథి నిలవడు మరి.

చెట్ల సంగతికొస్తే, మలక్కా జలసంధికి ఆవల సుమత్రాలోని జంబిలో 140 హెక్టార్ల పామాయిల్ తోట నడుమ 52 చోట్ల చిన్నా పెద్దా చెట్ల దీవులు నాటారు. కొన్నైతే ఐదు మీటర్లకు ఐదు మీటర్లే. అక్కడి ఫలితాలు 2023లో నేచర్ పత్రికలో వచ్చాయి: నాటిన ఐదేళ్లకే ఆ దీవుల్లో జీవవైవిధ్యం స్పష్టంగా పెరిగింది, మొత్తం తోట మీద గెలల దిగుబడి తగ్గలేదు. అడవికోడికి ఇది సూటిగా ఉపయోగం. పగలంతా నేల మీద గీరినా చీకటి పడగానే అది కొమ్మెక్కి పడుకుంటుంది. పామాయిల్ మట్ట మీద పడుకోగలదు గాని, కొమ్మలున్న గుబురు చెట్టు దొరికితే చిరుతపిల్లి నుంచి, కొండచిలువ నుంచి కాస్త రక్షణ. వాగుల వెంట చెట్లు కొట్టకుండా వదిలిన పట్టీ ఉన్నా అదే మేలు. పైగా ఆ పట్టీలు ఒక గుంపును ఇంకో గుంపుతో కలుపుతాయి.

తుపాకీ, లైసెన్సు, దీమపు పుంజు

వేట విషయంలో మలేషియాకూ మనకూ ఒక వింత పోలిక. రెండు దేశాలూ వన్యప్రాణి చట్టాలను 1972లోనే చేశాయి. రెండింటిలోనూ మొదట లైసెన్సు మీద వేటకు చోటుంది. మనం 1991లో చట్టాన్ని సవరించి లైసెన్సు వేటను పూర్తిగా ఎత్తేశాం. మలేషియా 2010లో కొత్త చట్టం చేసుకుంది, కాని లైసెన్సును ఉంచింది. అడవికోడి అక్కడ రక్షిత జాతే. లైసెన్సు లేకుండా ముట్టుకోకూడదు, లైసెన్సు ఉంటే వేటాడవచ్చు. వన్యప్రాణి శాఖ పెర్హిలితాన్ ఆ లైసెన్సులిస్తుంది. సాంబారు దుప్పి, మొరిగే జింక బాగా తగ్గిపోయాయని 2009 నుంచి వాటి వేటకు లైసెన్సులు ఆపేశారు. 2022లో చట్టాన్ని మళ్లీ సవరించి శిక్షలు గట్టిగా పెంచారు.

తుపాకీ లేనివాళ్ల పద్ధతి ఇంకొకటి, అది తుపాకీ కన్నా పాతది. మచ్చిక చేసిన పుంజును తెచ్చి పొద అంచున కడతారు. దాన్ని దెనక్ అంటారు. మన పిట్టలోళ్లు కౌజును పట్టడానికి వాడే దీమపు పిట్ట లాంటిదే. దాని చుట్టూ నేలలో వరసగా ఉచ్చులు గుచ్చుతారు. కట్టేసిన పుంజు కూస్తుంది. తన హద్దులోకి ఎవడొచ్చాడని అడవి పుంజు రోషంగా దూసుకొచ్చి ఉచ్చులో కాలు పెడుతుంది. ఇలా పోయేది ఎక్కువగా పుంజులే కనుక, ఒక పుంజుకు నాలుగైదు పెట్టలుండే ఈ జాతికి ఆ నష్టం పూడుతుంది. పొదుగుతున్న పెట్టలూ పిల్లలూ పోతే మాత్రం పూడదు.

బ్రిటన్, అమెరికాల్లో వేటగాళ్లే పొలంలో కలుపు పెంచడానికి డబ్బు పెట్టారు. అమెరికాలో 1937 నుంచి తుపాకుల మీదా తూటాల మీదా వేసిన ప్రత్యేక పన్ను నేరుగా వన్యప్రాణుల నివాసాలకు వెళుతుంది. వేటంటే గిట్టనివాళ్లు కూడా ఈ లెక్కను ఒప్పుకోక తప్పదు: కోరుకునేవాడు ఉన్న పక్షికి చోటు దొరుకుతుంది. మలేషియా ఎస్టేట్లలో ఆ ఏర్పాటు లేదు. వేటగాడు ఒకడు, భూమి ఇంకొకడిది. కోడి పెరిగితే మేనేజరుకు ఒరిగేదేమీ లేదు. ఈ ముడి విప్పకుండా ఎన్ని సలహాలిచ్చినా కాగితం మీదే ఉంటాయని నా అభిప్రాయం. మందు ఖర్చు తగ్గడం, ఆవుల మీద రాబడి, యూరప్ కొనుగోలుదార్లు అడిగే పర్యావరణ ధ్రువపత్రాలు — ఈ మూడూ మేనేజరుకు అర్థమయ్యే భాష.

మరి గంపల్లో పెంచి వదిలేస్తే సరిపోదా? చాలామంది వేటగాళ్లకు తట్టే మొదటి ఆలోచన ఇదే. బ్రిటన్‌లో ఏటా కోట్ల సంఖ్యలో ఫెజంట్ అనే వేటపక్షుల్ని పెంచి వదులుతారు. వాటిలో అత్యధికం ఏడాది తిరక్కుండానే తుపాకీకో, నక్కకో, కారు చక్రానికో పోతాయి. పిల్లల్ని బతికించలేని పొలంలో పెద్ద పక్షిని తెచ్చి వదిలితే అది ఒక సీజను వేటకు సరుకే గాని జాతి కాదు.

అడవికోడి విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, లైన్ ఇళ్ల నాటుకోళ్ల ప్రస్తావన ఇందుకే. నాటుకోడికీ అడవికోడికీ జాతి ఒకటే. కలిస్తే పిల్లలు పుడతాయి, వాటికీ పిల్లలు పుడతాయి. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ రైంట్ బృందం మ్యూజియంలలో దాచిన నూరేళ్ల నాటి అడవికోళ్ల జన్యువుల్ని ఇప్పటి వాటితో పోల్చింది. నేటి అడవికోళ్ల జన్యుపటంలో 20 నుంచి 50 శాతం దాకా పెంపుడు కోళ్ల నుంచి వచ్చి చేరిందని 2023లో ప్రకటించింది. చూడటానికి అడవికోడే, లోపల సగం మన పెరటి కోడి. స్వచ్ఛమైనదాన్ని గుర్తించడానికి పాతకాలం నుంచి ఒక ఆనవాలు చెబుతారు: గుడ్లు పెట్టే కాలం అయిపోయాక అడవి పుంజు మెడమీది నిప్పురంగు ఈకలు రాల్చేసి కొన్ని నెలలు పొట్టి నల్లని ఈకలతో తిరుగుతుంది. పెరటి పుంజు అలా రంగు మార్చదు. పెంచి వదలడమంటే ఈ కల్తీని మనమే లారీల్లో తోలడం. కాబట్టి ఎస్టేటులో కోళ్లను దొడ్లో పెట్టి మూయడం కూడా అడవికోడికి చేసే మేలే.

కోడి కూసిన ప్రతి తోటా అడవి కాదు

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. పామాయిల్ తోటలో అడవికోడి కూసిందంటే తోట అడవితో సమానమని ఎస్టేటు ప్రచారకులు చెబితే నమ్మకండి. 2008లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, అడవిలో ఉండే జంతుజాతుల్లో సగటున 15 శాతమే పామాయిల్ తోటలో కనిపించాయి. మలయా అడవుల్లో గ్రేట్ ఆర్గస్ అనే పక్షి ఉంది. పుంజు పొడుగాటి రెక్కలు విసనకర్రలా విప్పి ఆడుతుంది. తలమీద ఎర్ర కుచ్చుతో తిరిగే కిరీటపు పార్ట్రిడ్జ్ ఉంది. నీలిముఖం ఫైర్‌బ్యాక్ ఉంది. ఇవేవీ తోటలోకి రావు. కలుపు ఉంచినా రావు, ఆవుల్ని తోలినా రావు. వాటికి అడవే కావాలి. పొలాన్ని బాగుచేస్తే తిరిగొచ్చేది పొలం పక్షులే. అదీ తక్కువ సంగతేం కాదు, కాని అడవి నరకడానికి అది పరిహారం కానే కాదు.

ఇదంతా కౌలాలంపూర్ కబురు గాని మన గుమ్మంలోకి కూడా వచ్చేసింది. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల మిషన్ కింద ఆయిల్‌పామ్ విస్తరణకు పూనుకుంది. దేశంలో ఈ సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఏలూరు దగ్గర పెదవేగిలో జాతీయ పరిశోధన సంస్థ ఉంది. తెలంగాణ ఖమ్మం, అశ్వారావుపేట వైపు నుంచి మిగతా జిల్లాలకూ విస్తరిస్తోంది. మొలకెత్తిన విత్తనాల్లో కొంత మలేషియా నుంచే వస్తోంది. విత్తనంతో పాటు గచ్చునేల మోజు కూడా దిగుమతి అయితే నష్టం మనదే.

మన దగ్గర కొట్టేసేది అడవిని కాదు, చాలావరకు పాత పంట పొలాలే మారుతున్నాయి. ఆ పొలాల పక్షి కౌజు. హోటళ్లలో కౌజు పేరుతో వడ్డించేది ఫారంలో పెంచిన జపాన్ పిట్ట, దాని మాట కాదు. తెల్లవారుతూనే గట్టుమీద నిలబడి గొంతు చించుకు అరిచే బూడిదరంగు పక్షి మాట. అది, పూరేడు, నెమలి, గోదావరికి అటు ఎర్ర అడవికోడి, ఇటు కాస్త దూరాన నల్లమల వైపు బూడిద అడవికోడి. మన చట్టం ప్రకారం వీటిలో దేన్నీ వేటాడకూడదు, కొనకూడదు. కనుక వేటగాడి డబ్బుతో ఇక్కడ చోటు దొరకదు. రైతే ఇవ్వాలి.

పశ్చిమ గోదావరిలో ఆయిల్‌పామ్ మధ్య కోకో వేసిన రైతులు తెలియకుండానే సగం పని చేశారు; రెండంతస్తుల నీడ, నేలంతా రాలిన ఆకు. మిగతావాళ్లకు నా విన్నపం ఇది. పాదు శుభ్రం చేయండి, గెలలు మోసే దారి శుభ్రం చేయండి. మట్టలు పేర్చిన వరస మీద మాత్రం మందు కొట్టకండి. పొలం గట్టు మీది తుప్పకు ఈ ఒక్క ఏడాది నిప్పు పెట్టకండి. ఎలుకమందు వేయక తప్పదనుకుంటే బ్రోడిఫకూమ్ పేరు ఉన్న డబ్బాను దుకాణంలోనే వదిలేయండి. మీ ఇంట్లో కాలేజీ పిల్లలుంటే పొద్దున్నే తోటలో వినబడ్డ కూతల్ని తేదీతో సహా రాయమనండి, ఫోన్‌లో ఈబర్డ్ అనే పక్షుల నమోదు యాప్‌లో ఎక్కించమనండి. ఆయిల్‌పామ్ వేయకముందు ఆ పొలంలో ఏం కూసేదో ఇంటి పెద్దవాళ్లను అడిగి అదీ పక్కన రాయించండి.